మాస్టర్స్ మీట్‌లో మా బావ సూది వేసుకుని పరిగెడుతున్నాడు. చెప్పాలా, వద్దా?

లాల్‌బాగ్ లాస్ట్ బెంచ్
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాసింది తక్కువ. ఈసారి కడుపులో పెట్టుకోలేక రాస్తున్నాను.

నాకు 56. మాది అనంతపురం వైపు. బెంగళూరు వచ్చి 22 ఏళ్లయింది. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ భయపెడితే 47 ఏళ్ల వయసులో లాల్‌బాగ్‌లో నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది, పరుగు పిచ్చి అయింది. ఇప్పుడు మాస్టర్స్ మీట్లలో, అంటే వయసు గ్రూపుల వారీగా పెద్దవాళ్లకి పెట్టే పోటీల్లో, 1500, 5000 మీటర్లు పరిగెడతాను. కంఠీరవ స్టేడియంలో ఒకసారి మూడో స్థానం వస్తే ఇంట్లో పాయసం చేశారు. అదీ మన స్థాయి. పొద్దున వేసుకునే బీపీ మాత్ర తప్ప నా ఒంట్లోకి ఇంకే మందూ పోదు.

నాతోపాటు పరిగెత్తే మనిషి వరసకి బావ. నాకంటే ఏడాది పెద్ద. ఎనిమిదేళ్లుగా ఆదివారం పొద్దున ఇద్దరం ఒకే కారులో వెళ్తాం. బావ టైము 5000కి ఎప్పుడూ 23 నిమిషాలకి అటూ ఇటూ, నాది 22కి అటూ ఇటూ. నిరుడు లెక్క తిరగబడింది. బావ 20:40కి దిగాడు. భుజాలు తిరిగాయి. రాత్రి పది కిలోమీటర్లు పరిగెత్తి, తెల్లారి మళ్లీ ఇంటర్వల్స్ (ఆగి ఆగి వేగంగా పరిగెత్తడం) చేస్తాడు, నొప్పి అన్న మాటే లేదు. నాకు అసూయ పుట్టింది. దాన్ని దాచుకోవడానికి ఇంకా ఎక్కువ పరిగెత్తి పిక్క పట్టేయించుకుని నెల రోజులు కూర్చున్నాను.

పోయిన వారం చెమట తుడుచుకోవడానికి టిష్యూ కోసం కారు డాష్‌బోర్డులో చెయ్యి పెడితే సిరంజిలు, చిన్న గాజు ఆంప్యూళ్లు. ఇన్సులిన్ అనుకున్నాను. పాపం, షుగర్ ఎప్పుడొచ్చింది బావా అన్నాను. నవ్వాడు. "టెస్టోస్టెరాన్‌రా, మగ హార్మోన్. పది రోజులకో సూది. డాక్టర్ చీటీ ఉంది. ఈ వయసులో తగ్గుతుంది కదా, తగ్గింది నింపుకుంటున్నా" అన్నాడు. పెట్రోలు కొట్టించుకున్నంత తేలిగ్గా.

వచ్చే నెల మీట్‌కి ఇద్దరం పేర్లిచ్చాం. నిర్వాహకులకి చెప్పాలా? చెబితే చుట్టరికం ఏమవుతుంది? చెప్పకపోతే ఆ కారులో ఎలా కూర్చోవాలి? అసలు చీటీ ఉంటే తప్పేనా?

గుంటూరు గేర్
శనివారం, రాత్రి 9:52

22 నిమిషాలకి పరిగెత్తేవాళ్ల మధ్య కూడా డోపింగా! నాది 29. నేనేం వేసుకోవాలి, డీజిలా?

సర్జాపూర్ స్ప్లిట్స్
శనివారం, రాత్రి 10:15

సార్, కొంచెం ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. మీ బావగారు పెద్దాయన, సొంత డబ్బు, సొంత ఒళ్లు, డాక్టర్ రాసిచ్చాడు. దేశం తరఫున ఆడటం లేదు, ప్రైజ్ మనీ లేదు. కళ్లజోడు పెట్టుకుంటే కూడా పోయిన చూపు తిరిగి తెచ్చుకోవడమే కదా? దానికి తప్పు లేనిది హార్మోన్‌కి ఎందుకు?

నాకు 41. బోస్టన్ మారథాన్‌కి అర్హత టైములు 2026 నుంచి ఇంకో ఐదు నిమిషాలు బిగించారు. మా వయసు వాళ్లకి ఇప్పుడు 3:05. రోజుకి పది గంటలు కుర్చీలో, రెండు గంటలు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉండేవాడు 3:05 ఎలా కొట్టాలో మీరే చెప్పండి. నేను టెస్టోస్టెరాన్ జోలికి పోలేదు. మడమ వెనక నరం నొప్పికి ఆన్‌లైన్‌లో బీపీసీ-157 అని ఒక పెప్టైడ్ తెప్పించి ఆరు వారాలు వేసుకున్నాను. తగ్గింది. అదీ డోపింగే అంటే అనండి.

పాత ఇనుము
ఆదివారం, ఉదయం 5:05

నాకు 71. గుండు విసురుతాను. డిస్కస్ కూడా, గాలి అనుకూలిస్తే.

సర్జాపూర్ బాబూ, కళ్లజోడు మాట బాగుంది. ఒక సంగతి చెప్తాను విను. మగవాళ్ల గుండు బరువు మామూలుగా 7.26 కిలోలు. 50 దాటితే 6 కిలోలు ఇస్తారు. 60 దాటితే 5. నాలాగ 70 దాటితే 4. పరుగులో ఐదేళ్లకో గ్రూపు. ఇదంతా ఎందుకు? ఒంట్లో తగ్గేది తగ్గుతుందని ఆటే ఒప్పుకుని, ముందే తీసేసింది. ఇంక నింపుకునేదేముంది? 4 కిలోల గుండూ తీసుకుంటా, 40 ఏళ్ల కండా తెచ్చుకుంటా అంటే బస్సులో సీనియర్ సిటిజన్ సీట్లో కూర్చుని స్టూడెంట్ పాస్ చూపించినట్టు ఉంటుంది.

చిన్నప్పుడు స్కూల్ మీట్లలో మీసాలొచ్చినవాడు అండర్-14లో పరిగెత్తేవాడు, గుర్తుందా? వాడు కాగితం మీద వయసు తగ్గించుకున్నాడు. ఈ బావ రక్తంలో తగ్గించుకున్నాడు.

లాస్ట్ బెంచ్ నాయనా, నిర్వాహకుల దగ్గరికి తర్వాత వెళ్దువుగాని. ముందు బావ దగ్గరికి వెళ్లు. కారులో కాదు, ఇంట్లో.

జూలై ఒకటి
ఆదివారం, ఉదయం 6:30

పెద్దాయన వయసు మాట ఎత్తారు కాబట్టి నా గోడు. నేను పుట్టింది ఫిబ్రవరిలో. మా హెడ్మాస్టారు బడిలో చేర్చుకున్న రోజు అందరికీ జూలై 1 అని రాసేశారు, పైగా రెండేళ్లు తగ్గించి. పదో తరగతి సర్టిఫికెట్ అదే, ఆధార్ అదే. నాకు నిజంగా 60 నిండాయి. కాగితం మీద 58. అంటే ఇంకా రెండేళ్లు 55 గ్రూపులోనే పిల్లకాయలతో పరిగెత్తాలి. నాకు న్యాయం చేసే సూది ఏదైనా ఉందా?

డాక్టరమ్మ వైట్‌ఫీల్డ్
ఆదివారం, ఉదయం 11:20

లాస్ట్ బెంచ్ గారూ, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు. చీటీ ఉంటే చాలదు. వాడా, అంటే ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ, దాని నిషేధ జాబితాలో టెస్టోస్టెరాన్ పోటీ రోజూ నిషేధమే, మామూలు రోజూ నిషేధమే. జబ్బు ఉండి వాడుతున్నవాళ్లకి వైద్య మినహాయింపు ఉంది, టీయూఈ అంటారు. అది ఇవ్వాల్సింది చీటీ రాసిన డాక్టర్ కాదు, యాంటీ డోపింగ్ సంస్థ. మన దేశంలో నాడా. పైగా టెస్టోస్టెరాన్‌కి అది ఊరికే రాదు. పిట్యూటరీలో కణితి, వృషణం తీసేయాల్సి రావడం, క్లైన్‌ఫెల్టర్ లాంటి పుట్టుకతో వచ్చిన లోపం, ఇలా కారణం కళ్లకి కనపడాలి. వయసు వల్ల తగ్గింది, బరువు వల్ల తగ్గింది అంటే ఇవ్వరు.

ఇక ఆ "తగ్గింది" అన్న మాట. నా దగ్గరికి వచ్చే పరుగుల వాళ్లలో సగం మంది సాయంత్రం అయిదింటికి, టిఫిన్ తిన్నాక, ఒక్కసారి తీసిన రిపోర్టు పట్టుకొస్తారు. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. పరగడుపున, పొద్దున, వేరు వేరు రోజుల్లో రెండు సార్లు తీస్తేనే లెక్క. ఇంకో తమాషా చూడండి. వారానికి 80 కిలోమీటర్లు పరిగెత్తి, అన్నం మానేసి, ఐదు గంటలు నిద్రపోయేవాడికి అది దానంతటదే పడిపోతుంది. ఆ మనిషికి కావలసింది సూది కాదు, ముద్దపప్పు, మధ్యాహ్నం కునుకు.

20:40 సంగతి. సూది ఒక్కదానికే రెండు నిమిషాలు పోవు. బరువు తగ్గినా, పద్ధతిగా శిక్షణ తీసుకున్నా పోతాయి. అలసట త్వరగా తీరుతుంది కాబట్టి ఎక్కువ పరిగెత్తగలుగుతారు, అదీ అసలు లాభం. ఇంకోటి, టెస్టోస్టెరాన్ రక్తంలో ఎర్ర కణాలని పెంచుతుంది. పరుగుకి అది వరంలా కనపడుతుంది. గుండెకి, మెదడుకి కాదు. హెమటోక్రిట్, అంటే నెత్తురులో ఎర్ర కణాల వాటా, 54 శాతం దాటితే మేం మందు ఆపేస్తాం, లేదా తగ్గిస్తాం. అంత చిక్కబడిన నెత్తురుతో, ఒంట్లో నీళ్లు తగ్గి, ఏప్రిల్ ఎండలో పది కిలోమీటర్లు పరిగెత్తే 57 ఏళ్ల మనిషిని తలచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. బావగారు ఆఖరిసారి సీబీసీ (రక్త కణాల లెక్క), పీఎస్ఏ (ప్రోస్టేట్ పరీక్ష) ఎప్పుడు చేయించుకున్నారో అడగండి. మెడల్ సంగతి తర్వాత.

ఒంట్లోకి బయటి నుంచి హార్మోన్ వస్తుంటే సొంత ఫ్యాక్టరీ మూసుకుంటుంది. అందుకని ఉన్నట్టుండి ఆపేయమని మాత్రం చెప్పకండి. నెలల తరబడి నీరసం, దిగులు ఉంటాయి. హార్మోన్ల డాక్టర్, అంటే ఎండోక్రైనాలజిస్టు, చూసుకోవాలి.

సర్జాపూర్ గారూ, బీపీసీ-157 జాబితాలో పేరుతో సహా ఉంది, 2022 నుంచి. అది మనుషులకి ఆమోదం పొందిన మందే కాదు. ఆ సీసాలో ఏముందో మీకు అమ్మినవాడికి కూడా తెలిసి ఉండదు.

సర్జాపూర్ స్ప్లిట్స్
ఆదివారం, ఉదయం 11:41

సీసా మీద "పరిశోధనకి మాత్రమే" అని రాసి ఉన్న మాట నిజం. పరిశోధన నేనే అనుకోలేదు.

కేఆర్ పురం మెడికల్స్
ఆదివారం, మధ్యాహ్నం 3:10

షాపు కట్టేసి రాస్తున్నా. పదహారేళ్లుగా కౌంటర్ వెనక ఉన్నాను. మొదట్లో స్టెరాయిడ్ అడిగేది జిమ్ కుర్రాళ్లే. బిగుతు బనీను చూడగానే తెలిసిపోయేది. ఇప్పుడొచ్చేవాళ్లు వేరు. నెరిసిన జుట్టు, చేతికి కిలోమీటర్లు లెక్కపెట్టే వాచీ, పదిహేను వేల బూట్లు. "మా నాన్నగారికి" అంటారు. మీకే అరవై ఉంటాయి కదా సార్, నాన్నగారికి ఎనభై ఐదులో టెస్టోస్టెరాన్ ఎందుకు అంటే పక్క షాపుకి పోతారు. చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. అమ్మేవాళ్లు లేరని నేను అనను.

కానీ నాకు ఇంకో బాధ ఉంది. సూది వేసుకునేవాడికి తను చేసేది తెలుసు. తెలియకుండా వాడేవాళ్ల సంగతేంటి? మీ ఇంటి మందుల డబ్బా తెరవండి.

బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉందా? చాలా కంపెనీల మాత్రల్లో దాని అర్థం హైడ్రోక్లోరోథయజైడ్. ఒంట్లో నీరు లాగేసే మందు. మూత్రాన్ని పలచన చేసి వేరే మందుల ఆనవాళ్లు దాచేస్తుందని నీరు లాగే మందులన్నీ ఏడాది పొడుగునా నిషేధం. క్లోర్‌థాలిడోన్ కలిసినవీ అంతే. మోకాలి నొప్పికి పారాసెటమాల్‌తో కలిపి ఇచ్చే ట్రమడాల్, 2024 జనవరి నుంచి పోటీ రోజు కుదరదు. మోకాలి కీలులోకి పొడిచే స్టెరాయిడ్ సూది, పోటీ సమయానికి 2022 నుంచి నిషేధం. ఇన్సులిన్‌కి మినహాయింపు కావాలి, మెట్‌ఫార్మిన్‌కి అక్కర్లేదు. జ్వరం వచ్చి తగ్గాక "నీరసానికి, బలానికి" అని కొందరు డాక్టర్లు పెద్దవాళ్లకి ఒక సూది వేస్తుంటారు, చూశారా? చాలాసార్లు అది నాండ్రోలోన్. అచ్చమైన స్టెరాయిడ్. దాని ఆనవాళ్లు నెలల తరబడి మూత్రంలో కనపడతాయి.

నాడా వాళ్లది నో యువర్ మెడిసిన్ అని యాప్ ఉంది. మందు పేరు కొడితే చెబుతుంది. మా షాపుకి వచ్చే రన్నర్లలో అది ఫోన్‌లో ఉన్నవాడిని నేను ఇప్పటిదాకా చూడలేదు.

చిత్తూరు నాటు
ఆదివారం, సాయంత్రం 4:45

ఇంగ్లీషు మందులతోనే ఈ గొడవంతా. నేను ఆయుర్వేదం తప్ప ముట్టను. కీళ్లవాతానికి మా ఊరి వైద్యుడి గుళికలు. ఏ టెస్టయినా పెట్టుకోండి.

కేఆర్ పురం మెడికల్స్
ఆదివారం, సాయంత్రం 5:02

నాటు అన్నా, ఆ గుళికల్లో ముష్టి గింజలు ఉన్నాయేమో అడుగు. విషముష్టి అంటారు. శుద్ధి చేసి వాతానికి, అజీర్తికి వాడతారు. అందులో ఉండేది స్ట్రిక్నిన్. పోటీ రోజు నిషేధమైన ఉత్ప్రేరకం. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌లో గెలిచిన థామస్ హిక్స్‌కి దారిలో మనుషులు పట్టుకుని ఇచ్చింది అదే, కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి, పైన బ్రాందీ పోసి. అప్పుడు నిషేధం లేదు కాబట్టి మెడల్ మిగిలింది. మనిషి చావు తప్పించుకున్నాడు.

చిత్తూరు నాటు
ఆదివారం, సాయంత్రం 5:30

ఊరికి ఫోన్ చేశా. ఉన్నాయంట. "కొంచెమే నాయనా" అన్నాడు.

నంది ఎక్కుడు
ఆదివారం, రాత్రి 8:15

సైకిల్ వాళ్ల తరఫున. మా వైపు ఇది పాత వార్త. 2012లో న్యూయార్క్‌లో గ్రాన్ ఫోండో అని, డబ్బు కట్టి తొక్కే రేసు ఒకటి జరిగితే, అక్కడ టెస్టు పెట్టారు. ఇద్దరు ఈపీఓకి దొరికారు. ఇద్దరూ నలభై దాటినవాళ్లే. ఈపీఓ అంటే డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెత్తురు పట్టడానికి ఇచ్చేది. మా గుంపులోనూ ఒకాయన నంది కొండ ఎక్కే టైము ఒక్కసారిగా తగ్గిపోయినప్పుడు గుసగుసలు వచ్చాయి. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మర్నాడు ఆయన వెనకే, గాలి తగలకుండా, హాయిగా తొక్కుకుంటూ వెళ్లాను. అదీ మన నీతి.

కానీ దొరికిన ప్రతివాడూ దొంగ కాదు. అమెరికాలో కార్ల్ గ్రోవ్ అని 90 ఏళ్ల సైకిలిస్టు. 2018లో అక్కడి మాస్టర్స్ ట్రాక్ పోటీల్లో రికార్డు కొట్టాడు. తీరా మూత్రంలో ట్రెన్‌బొలోన్ అనే స్టెరాయిడ్ ఆనవాళ్లు. విచారిస్తే, ముందు రోజు రాత్రి తిన్న లివర్ నుంచి వచ్చి ఉంటుందని తేలింది. పశువులకి బరువు పెరగడానికి ఇస్తారట అక్కడ. హెచ్చరికతో వదిలేశారు, రికార్డు మాత్రం పోయింది. తొంభై ఏళ్లకి రికార్డు కొట్టి, లివర్ వేపుడికి పోగొట్టుకోవడం!

గుంటూరు గేర్
ఆదివారం, రాత్రి 8:31

తొంభై ఏళ్లాయనని కూడా సీసా ఇచ్చి బాత్రూమ్‌కి పంపారా?

పాత ఇనుము
సోమవారం, ఉదయం 4:58

పంపడమే కాదు, ఆఫీసరు పక్కనే నిలబడి చూస్తాడు. 90 మిల్లీలీటర్లు కావాలి. మా వయసులో ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి అది 5000 మీటర్ల కంటే కష్టం. సగం నింపి, కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ నింపాలి.

హర్డిల్స్ అక్క
సోమవారం, రాత్రి 10:05

అందరూ మగవాళ్ల గొడవే మాట్లాడుతున్నారు కాబట్టి నాది కూడా రాస్తాను. నాకు 53. వంద మీటర్లు, లాంగ్ జంప్. హర్డిల్స్ ఎప్పుడో మానేశాను, పేరు మిగిలింది.

మూడేళ్ల కిందట రొమ్ము కాన్సర్ వచ్చింది. సర్జరీ, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ లెట్రోజోల్ మాత్ర. ఐదేళ్లు వేసుకోవాలి. అది కూడా జాబితాలో ఉంది, టామోక్సిఫెన్ కూడా ఉంది. స్టెరాయిడ్లు వాడే మగవాళ్లు వాటి దుష్ఫలితాలు తగ్గించుకోవడానికి వీటిని వాడతారట, అందుకని. నన్నయితే ఆ మాత్ర ఇంచు కూడా ముందుకి తోయలేదు. పొద్దున లేస్తే వేళ్లు ముడవవు, మోకాళ్లు కట్టెల్లా ఉంటాయి. వార్మప్ అరగంట నుంచి గంటకి పెరిగింది. నా వంద మీటర్ల టైము రెండు సెకన్లు పెరిగింది.

ఆ మాత్ర జాబితాలో ఉందని తెలిసిన రోజు ఏడ్చాను. కాన్సర్ అని తెలిసిన రోజు కూడా అంత ఏడవలేదు, నవ్వుకోండి. తర్వాత కాగితాలన్నీ పోగు చేశాను. బయాప్సీ రిపోర్టు, ఆంకాలజిస్టు ఉత్తరం, మందుల చీటీలు. ఒక ఫైల్ చేసి స్పైక్స్ బ్యాగులోనే పెట్టుకుంటాను. మన స్థాయి వాళ్లకి టెస్టు అయిన తర్వాత కూడా మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకునే వీలుంది.

1999లో గేట్స్‌హెడ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్‌లో క్యాథీ జేగర్ అని 56 ఏళ్ల అమెరికన్ స్ప్రింటర్ దొరికింది. ముట్లుడిగాక డాక్టర్ ఇచ్చిన మాత్రలో మిథైల్ టెస్టోస్టెరాన్ కలిసి ఉంది. రెండేళ్లు నిషేధించారు. ఆవిడ గురించి చదివినప్పుడల్లా నా ఫైల్ మూల మడత పడకుండా సర్దుతాను.

లాస్ట్ బెంచ్ గారూ, మీ బావగారి మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆయన "చీటీ ఉంది" అంత తేలిగ్గా అన్నారు చూడండి, ఆ మాట నాకు గుచ్చుకుంది. నా ఫైల్ బరువు నాకు తెలుసు.

డాక్టరమ్మ వైట్‌ఫీల్డ్
సోమవారం, రాత్రి 10:40

అక్కా, ఆ ఫైల్ అలాగే ఉంచండి. ఒక కాపీ ఫోన్‌లో కూడా.

జూలై ఒకటి
మంగళవారం, ఉదయం 7:15

ఒక్క అనుమానం. మన మీట్లలో అసలు టెస్టు చేసేదెవరు? ప్రపంచ మాస్టర్స్‌లో చేస్తారు సరే. ఇక్కడ పదేళ్లలో నేను ఒక్క సీసా చూడలేదు. చూడని దానికి ఇంత భయం ఎందుకు?

నంది ఎక్కుడు
మంగళవారం, ఉదయం 7:50

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ స్టేట్ మీట్‌కి కూడా అందరూ అలాగే అనుకుని వచ్చారు. నాడా వాళ్లు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్క కుర్రాడు మిగిలాడు. ఒక్కడే పరిగెత్తాడు, ఒక్కడే గెలిచాడు. స్టీపుల్‌ఛేజ్‌లో ఒకమ్మాయి గీత దాటాక కూడా ఆగలేదు, ఆఫీసరు వెనకాల పరిగెత్తారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద తీసిన 5,606 శాంపిళ్లలో 213 దొరికాయి. అయిదు వేలకి పైగా శాంపిళ్లు తీసిన దేశాల్లో ఆ శాతం మనదే ఎక్కువ. ఆ పిల్లలు ఎక్కడి నుంచి నేర్చుకున్నారో గానీ, గ్రౌండ్‌లో వాళ్లకి ఎదురుగా వార్మప్ చేసే అంకుళ్లం మనమే.

సర్జాపూర్ స్ప్లిట్స్
మంగళవారం, ఉదయం 9:05

నేను మొదట రాసింది మళ్లీ చదువుకున్నాను. ప్రైజ్ మనీ లేదు కాబట్టి ఫర్వాలేదు అన్నాను. ప్రైజ్ మనీ ఉంటే కనీసం డబ్బు కోసం అని అర్థమయ్యేది. లేకుండా చేస్తున్నామంటే ఎవరిని మోసం చేస్తున్నట్టు? అయినా కళ్లజోడు ప్రశ్నకి పెద్దాయన జవాబుతో నేను పూర్తిగా ఒప్పుకోను. పోటీలోకి రాకుండా, డాక్టర్ పర్యవేక్షణలో వాడుకునేవాడిని తప్పు పట్టలేం.

పాత ఇనుము
మంగళవారం, ఉదయం 9:20

అక్కడ నీతో గొడవ లేదు బాబూ. మందు వేసుకో, ఛాతీ మీద బిబ్ నంబర్ వేసుకోకు.

నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 10:00

ఇద్దరు సభ్యులు క్లినిక్‌ల పేర్లు, ఒకరు ఒక రన్నర్ పేరు రాశారు. తీసేశాను. అనుమానం మీద పేర్లు వద్దు. ఎక్కడ ఏ మందు దొరుకుతుంది, ఎంత మోతాదు అని అడిగిన మరో రెండు పోస్టులు కూడా తీసేశాను. అడిగినవాళ్లు నవ్వులాటకి అన్నా సరే.

లాల్‌బాగ్ లాస్ట్ బెంచ్
గురువారం, రాత్రి 9:15

నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను. నిన్న సాయంత్రం బావ ఇంటికి వెళ్లాను. పెద్దాయన అన్నట్టు కారులో మాట్లాడలేదు.

ముందు హెమటోక్రిట్ గురించి అడిగాను. సూదులు రాసిన చోట మొదట్లో ఒకసారి నెత్తురు తీశారట, తర్వాత ఏడాదిగా అడిగినవాళ్లు లేరు. ప్రతి నెలా బిల్లు మాత్రం తీసుకున్నారు. డాక్టరమ్మ గారు రాసింది ఫోన్‌లో చూపించాను. బావ చదివాడు. చదువుతూ చదువుతూ మెడికల్స్ గారి పోస్టు దగ్గర ఆగి, తల ఎత్తి, "నీ బీపీ మాత్ర పేరేంట్రా?" అన్నాడు.

చెప్పాను. చెబుతుండగానే నా నోట్లో ఆఖరి అక్షరం ఆగిపోయింది. హెచ్.

నాలుగేళ్లుగా వేసుకుంటున్నాను. ఆదివారం పోస్టు చదివినప్పుడు కూడా అది నా గురించి అనిపించలేదు చూడండి. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడ చేత స్ట్రిప్ వెనక చదివించాను. హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు. బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వంటింట్లోంచి అక్క అంతా విన్నట్టుంది, "అయితే ఇద్దరూ దొంగలే అన్నమాట. ఉప్మా చల్లారిపోతోంది, తినండి" అంది.

రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. నా మాత్ర నన్ను పరిగెత్తించదు, దాహం వేయిస్తుంది, అంతే. కానీ టెస్టు పెట్టి ఉంటే ఇద్దరి మూత్రమూ ఒకే బల్ల మీదకి వచ్చేది. పోయిన శనివారం రాత్రి నేను ఇక్కడ రాసిన మొదటి పోస్టులో "ఇంకే మందూ పోదు" అన్న వాక్యం చూస్తే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది. తీసేయను, ఉండనివ్వండి.

ఈ రోజు పొద్దున ఇద్దరం పరగడుపున ల్యాబ్‌కి వెళ్లాం. సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. బావ హెమటోక్రిట్ 55.6. చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకేనేమో ఈ మధ్య తల బరువుగా ఉంటోంది" అన్నాడు. సోమవారం ఎండోక్రైనాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. సూది పూర్తిగా మానేస్తానని మాత్రం అనలేదు. "డాక్టర్ ఏమంటే అది. నీ కోసం కాదు" అన్నాడు. మీట్ నుంచి పేరు తీయించుకోవడానికి ఒప్పుకున్నాడు. కారణం అడిగితే పిక్క పట్టేసిందని చెబుతాడట. అబద్ధమే. ఆ ఒక్కటీ నేను పట్టించుకోలేదు.

నేనూ పేరు తీయించుకున్నాను. మా డాక్టర్ మాత్ర మార్చారు. కొత్తది అలవాటు కావాలి, బీపీ రెండు వారాలు రాసుకుని రమ్మన్నారు. "ఇన్నేళ్లు పరిగెడుతున్నానని మీరు చెప్పారు, పోటీలకి వెళ్తానని చెప్పలేదే" అన్నారాయన. నిజమే, చెప్పలేదు. సిగ్గేసి.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ నాలుగేళ్లలో వచ్చిన మెడల్స్ మూడున్నాయి. పాయసం చేసిన మెడల్ కూడా అందులోదే. ఏం చెయ్యాలి?

హర్డిల్స్ అక్క
గురువారం, రాత్రి 9:30

పాయసం వెనక్కి ఇవ్వలేరు కదా. మెడల్ గోడకే ఉండనివ్వండి. మాత్ర స్ట్రిప్ కూడా పక్కన అంటించండి.

జూలై ఒకటి
గురువారం, రాత్రి 9:44

మీరిద్దరూ తప్పుకున్నారు కాబట్టి 55 గ్రూపు 5000లో నాకు మూడో స్థానం వచ్చే అవకాశం ఉంది. బాధగానే ఉంది.

పాత ఇనుము
శుక్రవారం, ఉదయం 5:01

మూడు మెడల్సూ నా దగ్గరికి పట్టుకురా నాయనా. నా పేరే పాత ఇనుము, తూకానికి తీసుకుంటాను. ఆదివారం ఆరింటికి కంఠీరవ గేటు దగ్గర ఉంటా. బావని కూడా తీసుకురా. నా గుండు బ్యాగు ఎవరో ఒకరు మోయాలి, వారం నుంచి నడుము పట్టేసింది.

గుంటూరు గేర్
శుక్రవారం, ఉదయం 5:20

నడుముకి ఏం వాడుతున్నారు పెద్దాయనా?

పాత ఇనుము
శుక్రవారం, ఉదయం 5:22

అమృతాంజనం. జాబితా చూశాను, లేదు.